కొత్తపేటలో ఒక చిన్న గది – కనబడని దేవుని ప్రణాళిక



ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగిసి పగటి డ్యూటీ మొదలయ్యే మధ్యలో ఒక పావుగంట ఉంటుంది. రాత్రంతా మేలుకొన్న సిస్టరు, పొద్దున వచ్చిన సిస్టరుకు ఒక్కొక్క మంచం దగ్గర నిలబడి రిపోర్టు ఇస్తుంది. ఈయనకు రెండు గంటలకు జ్వరం వచ్చింది, తడిగుడ్డతో తుడిచాము. ఈమెకు సెలైన్ ఇంకా సగం ఉంది. ఈ తాతగారు నిద్రపోలేదు, కొడుకు ఎప్పుడొస్తాడని అడుగుతున్నారు. ఇవన్నీ చెప్పి, రిజిస్టరులో సంతకం పెట్టి ఇంటికి వెళ్లిపోతుంది. ఆ జ్వరం తగ్గిందో లేదో, ఆ కొడుకు వచ్చాడో లేదో చాలాసార్లు ఆమెకు తెలియనే తెలియదు. మళ్లీ రాత్రి వచ్చేసరికి ఆ మంచం మీద వేరే మనిషి ఉంటారు.

మాలో కొందరం ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాము. పోయిన సంవత్సరం కొత్తపేటలో మన సంఘం ఒక కొత్త పని తలపెట్టినప్పుడు, ఈ పావుగంట మాకు పదే పదే జ్ఞాపకం వచ్చింది. ఎందుకో ఈ వ్యాసంలో మీతో చెప్పుకుంటాము.

గది ఎలా మొదలైంది?

ఆదివారం ఆరాధన అయిన తరువాత, సండే స్కూలు సామాను పెట్టుకునే చిన్న గదిలో బీపీ, షుగరు పరీక్ష చేసే ఏర్పాటు ఉంటే బాగుంటుందని ఒక బుధవారం కూడికలో మాట వచ్చింది. పాస్టరుగారు ఆ మాటను సంఘ పెద్దల ముందు పెట్టారు. అందరూ ఒక్కసారే ఒప్పుకున్నారని రాస్తే అది నిజం కాదు.

"దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా రోడ్డుకు రెండువైపులా ఆసుపత్రులే. మన గదికి ఎవరొస్తారమ్మా?" అని ఒక పెద్దాయన అడిగారు. అది న్యాయమైన ప్రశ్నే. డబ్బు సంగతి కూడా ఉంది. సంఘం దగ్గర ఉన్నది కొత్త మైకు సెట్టు కోసం యవ్వనస్థులు కూడబెట్టిన సొమ్ము మాత్రమే. చివరికి ఆ పిల్లలే తమలో తాము మాట్లాడుకొని, అందులో సగం ఇస్తామన్నారు. దానితో ఒక బీపీ మిషను, ఒక గ్లూకోమీటరు, దాని స్ట్రిప్పులు, బరువు చూసే మిషను, ఒక పెద్ద రిజిస్టరు కొన్నాము. ప్లాస్టిక్ కుర్చీలు ఎలాగూ ఉన్నాయి. గుడి మైకు ఇప్పటికీ అప్పుడప్పుడు కీచుమంటుంది. అలా కీచుమన్నప్పుడల్లా ఆ పిల్లల మనసు మాకు గుర్తుకొస్తుంది.

గది తలుపు మీద వాక్యమేమీ రాయలేదు. 'బీపీ, షుగరు పరీక్ష – అందరికీ – ఉచితం' అని మాత్రమే రాయించాము. వీధిలో ఉన్న అన్ని మతాలవారూ మొహమాటం లేకుండా రావాలని మా కోరిక.

మొదటి ఆదివారం 31 మంది వచ్చారు. మా సంతోషానికి హద్దు లేదు. రెండో ఆదివారం 14 మంది. మూడో ఆదివారం ఆరుగురు. నాలుగో ఆదివారం నలుగురు. కుర్చీలు ఎక్కువ, మనుషులు తక్కువ. "స్ట్రిప్పుల మీద తేదీ అయిపోతుందేమో చూడండి సిస్టర్" అని ఒకరు నవ్వుతూ అన్నారు. మేమూ నవ్వాము గాని, లోపల నొచ్చుకున్నాము. దేవుని చిత్తం అనుకొని మొదలుపెట్టినది నిజంగా దేవుని చిత్తమేనా, లేక మా ఉత్సాహమా అన్న సందేహం వచ్చింది.

ఒంగోలు కొండ మీద ఐదుగురు

మన సంఘంలో ఒంగోలు వైపు నుంచి వచ్చి ఎల్.బి.నగర్‌లో స్థిరపడిన ఒక రిటైర్డు మాస్టారు ఉన్నారు. ఆ వారం మా మొహాలు చూసి, ఆయన తమ ఊరి సంగతి ఒకటి చెప్పారు. మనలో చాలామందికి ముక్కలు ముక్కలుగా తెలిసిన చరిత్రే. వరుసగా వింటే వేరుగా ఉంది.

1840లో శామ్యూల్ డే అనే మిషనరీ నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ పని ప్రారంభించారు. పన్నెండేళ్లు దాటినా చెప్పుకోదగిన ఫలితం కనబడలేదు. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో, ఈ పని మూసివేయడం మంచిదా అన్న చర్చ వచ్చింది. మిషన్ పటం మీద తెలుగు దేశంలో ఒకే ఒక్క నక్షత్రం గుర్తు ఉండేది. అందువల్లనే ఆ పనికి 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు వచ్చింది. చివరికి మూయలేదు గాని, బలమైన సహాయం కూడా రాలేదు.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు మనుషులు ఒంగోలులో ఒక కొండ ఎక్కారు. లైమన్ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, వారితోపాటు ముగ్గురు తెలుగు విశ్వాసులు – క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. ఒంగోలులో పని చేయడానికి ఒక మనిషిని పంపమని వారు అక్కడ ప్రార్థించారు. తరువాత కొండ దిగి తమ పనికి వెళ్లిపోయారు. ఆ సంవత్సరం ఎవరూ రాలేదు. మరుసటి సంవత్సరమూ రాలేదు. 1862లో జ్యూయెట్ గారు ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లారు. అక్కడ మళ్లీ మూసివేత మాటే వినవలసి వచ్చింది. ఎవరూ తోడు రాకపోయినా తాను తిరిగి వెళ్తానని, చనిపోతే అక్కడే చనిపోతానని ఆయన పట్టుబట్టారు. 1865లో ఆయనతోపాటు జాన్ క్లౌ అనే యువకుడు నెల్లూరు వచ్చారు. 1866లో క్లౌ గారు ఒంగోలుకు మారారు. కొండ మీద ప్రార్థించిన నాటి నుంచి లెక్కపెడితే పన్నెండేళ్లు.

అంత ఎదురుచూసిన తరువాత 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎంతమందో తెలుసా? ఎనిమిది మంది. "మీ నలుగురు అంత తక్కువేమీ కాదమ్మా" అని మాస్టారు లేచి వెళ్లిపోయారు.

ఒక సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. మన గది కూడా ఏదో ఒకరోజు వందల మందితో నిండిపోతుందని ఈ చరిత్ర మనకు మాట ఇవ్వడం లేదు. నమ్మకంగా మొదలుపెట్టినా ఆగిపోయిన పనులు లోకంలో ఎన్నో ఉన్నాయి. వాటిని చేసినవారికి విశ్వాసం లేదని మనం అనలేము. ఆ ఐదుగురు మనకు నేర్పేది వేరే పాఠం. ఆ ఉదయం వారికి క్లౌ గారి పేరు తెలియదు, ఆయన ఎప్పుడొస్తాడో తెలియదు. తెలియకపోయినా వారు కొండ దిగి ఆ రోజు పనికి వెళ్లారు. అబ్రాహాము కూడా ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే బయలుదేరాడని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో చదువుకుంటాము. అయితే బయలుదేరాడు, కూర్చోలేదు.

నాలుగో ఆదివారం మేము చేసిన తప్పు

ఆ నలుగురిలో ఒక సోదరుడు ఉన్నాడు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాము, పేరు మాత్రం రాయడం లేదు. కొత్తపేటలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో ఆయన అక్కడ హమాలీ. 2021లో మార్కెట్ బాటసింగారానికి తరలిపోయింది. రోజూ అంత దూరం పోలేక, ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్‌గా చేరాడు. భార్య బలవంతం మీద ఆ రోజు మా గదికి వచ్చాడు.

వేలు గుచ్చి చూస్తే షుగరు 412. మందులు వాడుతున్నారా అని అడిగితే తల వంచుకున్నాడు. నాలుగు నెలల క్రితం మానేశాడట. ఆయన ఆ మధ్య ఒక కూడికలో, ప్రార్థన వలన షుగరు పోయిందని సాక్ష్యం చెప్పిన సంగతి మాకు అప్పుడు గుర్తుకొచ్చింది. మా కోపం ఆగలేదు. "ఇంత నిర్లక్ష్యమా? కాళ్లు పోగొట్టుకుంటారా? పిల్లలకు ఎవరు దిక్కు?" అని గట్టిగానే అన్నాము. గదిలో ఇంకా ముగ్గురున్నారు, గుమ్మం దగ్గర సండే స్కూలు పిల్లలున్నారు. ఆయన ఏమీ మాట్లాడలేదు. లేచి, చెప్పులు వేసుకొని వెళ్లిపోయాడు.

మేము చెప్పినది వైద్యపరంగా తప్పు కాదు. చెప్పిన తీరు మాత్రం తప్పు. నర్సింగ్ పిల్లలకు మేమే పాఠం చెబుతాము, రోగిని నలుగురిలో నిలదీయకూడదని. ఆ పాఠాన్ని ఆ రోజు మేమే మరచిపోయాము.

తరువాతి రెండు ఆదివారాలు ఆయన గుడికి రాలేదు. రైతుబజారులో మా సిస్టరు ఒకరికి ఆయన భార్య కనబడింది. "అందరి ముందర అంటిరి గదా సిస్టరమ్మా, ఆయన మొకం చూపిస్తలేడు" అంది. ఆ సాయంత్రమే పాస్టరుగారితో కలిసి వారింటికి వెళ్లాము. సెల్లారులో లిఫ్టు పక్కన ఒక గది. కుర్చీ ఒకటే ఉంటే దానిని పాస్టరుగారికి వేసి, మాకు చాప పరిచారు. ముందుగా మేము క్షమించమని అడిగాము. చాలాసేపటికి ఆయన నోరు విప్పాడు.

"దేవుడు బాగుచేసిండని సంఘం ముందర సాక్ష్యం చెప్పిన సిస్టరమ్మా. మళ్ల గోలీ మింగితే దేవుడు అబద్ధమాడినట్టయితది గదా అని భయపడ్డ."

ఇన్నేళ్ల మా ఉద్యోగంలో మందు మానేసిన వారిని ఎంతోమందిని చూశాము. బద్ధకం అనుకున్నాము, డబ్బు లేక అనుకున్నాము, తెలియక అనుకున్నాము. దేవుని పరువు కాపాడాలని ఒక మనిషి మాత్ర మానేస్తాడని మాకు ఎన్నడూ తోచలేదు. ఆ భయాన్ని వినకుండానే మేము ఆయనను నిర్లక్ష్యపు మనిషి అన్నాము.

పాస్టరుగారు ఆయన భుజం మీద చేయి వేసి మెల్లగా చెప్పారు. "దేవుడు అబద్ధమాడలేదయ్యా. నిన్ను కాపాడడానికి ఆయన ఏ దారిన రావాలో మనమే గీత గీసి పెట్టాము. ఆయన మాత్ర దారిన కూడా రాగలడు." మా ఈ వ్యాసమంతా ఆ మాటలోనే ఉంది. దేవుని ప్రణాళిక మీద నమ్మిక ఉంచడమంటే, మనం వేసుకున్న ప్రణాళికకు ఆయన చేత సంతకం పెట్టించుకోవడం కాదు. ఆయన ఏ దారిన వచ్చినా ఎదురు వెళ్లడానికి సిద్ధంగా ఉండడం.

ఆ తరువాత కాళ్లు చూపించమని అడిగాము. ఎడమ కాలి చిటికెన వేలు పక్కన, చెప్పు ఒరుసుకొని పుండు పడి, లోపలికి దిగి ఉంది. ఆయనకు నొప్పే తెలియలేదు. షుగరు ఎక్కువకాలం అదుపు తప్పితే పాదాల నరాలు మొద్దుబారి ఇలాగే అవుతుంది. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాము. ఇన్సులిన్ పెట్టారు, పుండు శుభ్రం చేశారు. చిటికెన వేలు తీసివేయక తప్పలేదు. పాదం దక్కింది. మూడు వారాలకు నడిచి ఇంటికి వెళ్లాడు. ఇంకో నెల ఆలస్యమైతే ఏమయ్యేదో రాయడానికి మాకు చేయి రావడం లేదు.

వార్డులో ఉన్నప్పుడు ఒకరోజు ఆయనే అన్నాడు, "నేను మామిడి బుట్టలు మోసిన జాగల ఇప్పుడు పెద్ద దవాఖాన వస్తదట." నిజమే. పాత మార్కెట్ స్థలంలో ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. ఆయన బ్రతుకుతెరువు పోవడం దేవుని ప్రణాళిక అని మేము అనలేదు, అనము. అలాంటి మాట పోగొట్టుకున్నవాడు అనవలసిందే గాని, పక్కనున్నవారు అనకూడదు. ఆయన ఆ మాట అని నవ్వితే మేమూ నవ్వాము, అంతే.

క్లౌ దొరగారి సర్వే, మన పిల్లల నోటుబుక్కు

ఆ సాయంత్రం వారి గది నుంచి బయటికి వస్తుండగా, పై అంతస్తులో ఉండే ఒకామె మా తెల్ల చీరలు చూసి ఆగింది. "మా అత్తగారు ఏడాదిగా మంచం మీదే ఉన్నారు. వీపున పుండ్లు పడ్డాయి. ఒకసారి చూస్తారా అమ్మా?" అంది. ఆ కుటుంబం క్రైస్తవులు కాదు. వెళ్లి చూశాము. ఎలా పక్కకు తిప్పాలో, ఒక్కవైపే ఎంతసేపు పడుకోబెట్టకూడదో చూపించాము. మా గదికి మనుషులు ఎందుకు రావడం లేదో అప్పుడు కొంత అర్థమయింది. నిజంగా అవసరం ఉన్నవారిలో చాలామంది మెట్లు దిగలేనివారు. మనం తలుపు తెరిచి కూర్చుంటే సరిపోదు, వారి తలుపు దగ్గరికి మనం వెళ్లాలి.

అయితే ఎవరింటికి వెళ్లాలి? దీనికి జవాబు గుడి బీరువాలో ఉంది.

2020 అక్టోబరులో కుండపోత వానలు పడి, సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి మీరు మరచిపోయి ఉండరు. అప్పుడే కరోనా భయం కూడా. ఆ రోజుల్లో మన యవ్వనస్థులు అన్నం పొట్లాలు పంచుతూ, ఏ ఇంట్లో మంచం మీద ఉన్నవారున్నారో, ఎవరు ఒంటరిగా ఉన్నారో ఒక నోటుబుక్కులో రాసుకున్నారు. పొట్లం ఎక్కడికి అందించాలో తెలియడానికే ఆ రాతలు. వరద తీసింది, నోటుబుక్కు బీరువాలో పడింది. ఇన్నేళ్ల తరువాత ఒక అబ్బాయికి అది గుర్తుకొచ్చి తెచ్చి ఇచ్చాడు. తడిసి ఉబ్బిన కాగితాలు. అందులో కొందరు ప్రభువు నందు నిద్రించారు, కొందరు ఇల్లు మారారు. మిగిలినవారి ఇళ్లతోనే మన గృహ సందర్శన మొదలయింది. ఇప్పుడు నెలకు రెండు శనివారాలు మేము, సంఘ స్త్రీలు కలిసి వెళ్తున్నాము. నోటుబుక్కు రాసిన పిల్లలకు ఆనాడు ఈ సంగతి తెలుసా? తెలియదు.

ఇది చెప్పినప్పుడు మాస్టారు మళ్లీ ఒంగోలుకే వెళ్లారు. క్లౌ గారు మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేశారు. సువార్త పనికి వచ్చిన తరువాత ఆ విద్యతో ఇంక పనేముంది అనిపించి ఉండవచ్చు. 1876 నుంచి 1878 దాకా దక్షిణ దేశమంతా భయంకరమైన కరువు. కరువు పనిగా ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, క్లౌ గారు అందులో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి పని ఇచ్చారు. అమెరికాలో నేర్చుకున్న కొలతల విద్య ఒంగోలు ప్రాంతపు పేదలకు అన్నమైంది.

ఆయన ఇంకొక పని కూడా చేశారు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, కరువు కాలంలో బాప్తిస్మములు ఆపివేశారు. కరువు తీరి, కూలి పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాము. మా నర్సులకు మాత్రం ఆ ఆపివేసిన నెలలే ఎక్కువ విలువైనవిగా కనబడతాయి. సహాయాన్ని ఎరగా వాడకూడదు. మన గది కూడా అదే నియమం మీద నడవాలని మా ప్రార్థన. పరీక్షకు వచ్చినవారిని మీ మతమేమిటని మేము అడగము. ప్రార్థన చేయమని వారు అడిగితే చేస్తాము.

పదిహేనేళ్లు ఎదురుచూసిన డాక్టరమ్మ

గుంటూరులో కూడా ఒక కొత్తపేట ఉంది. అక్కడా వీధుల నిండా ఆసుపత్రులే. ఆ ఊరి పేరు వినగానే మా నర్సులకు డాక్టర్ అన్నా కుగ్లర్ గారు జ్ఞాపకం వస్తారు. ఆమె 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. వైద్యం చదివిన మనిషి. అయితే అప్పటికి మిషన్ వారు వైద్య సేవ మొదలుపెట్టడానికి సిద్ధంగా లేరు. స్త్రీల మధ్య బోధన, చదువు చెప్పించే పని అప్పగించారు. మనలో ఎవరికైనా అలా జరిగితే ఏమంటాము? నా చదువంతా వృథా, దేవుడు నన్ను తప్పు చోటికి పంపాడు అంటాము. ఆమె ఇచ్చిన పని చేస్తూనే, తన దగ్గరికి వచ్చిన రోగులను చూస్తూ వచ్చారు. కొంతకాలానికి మిషన్ వారు వైద్య సేవకు అంగీకరించారు. ముందు డిస్పెన్సరీ వచ్చింది. 1898లో ఆసుపత్రి తెరిచారు. ఊరికి వచ్చిన పదిహేనేళ్లకు! 1930లో కన్నుమూసే వరకు ఆమె సేవ గుంటూరుకే అంకితమైంది. నేటికీ ఆ ఆసుపత్రిని ఆమె పేరుతోనే పిలుస్తారు.

ఎదురుచూడడం అంటే చేతులు కట్టుకొని కూర్చోవడం కాదని ఆమె బ్రతుకు చెబుతుంది. ఈ రోజు గుమ్మంలోకి వచ్చిన రోగే ఈ రోజుకు దేవుడిచ్చిన పని.

విశ్వాసంతోపాటు చేయవలసినవి

ఇది ఆరోగ్య పత్రిక గనుక, మా గదిలో రోజూ చెప్పే కొన్ని మాటలు ఇక్కడ కూడా రాస్తున్నాము. దయచేసి ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి.

1. ప్రార్థన చేయించుకోండి. మాత్ర కూడా వేసుకోండి. స్వస్థత కలిగిందని అనిపిస్తే దేవునికి స్తోత్రము చెప్పి, పరీక్ష చేయించుకొని, డాక్టరుగారు చెప్పిన తరువాతనే మందు తగ్గించండి. షుగరు, బీపీ చాలాసార్లు ఏ బాధా లేకుండానే పెరుగుతాయి. బాధ లేదు కాబట్టి జబ్బు లేదని అనుకోవద్దు.

2. ఎనిమిది గంటలు ఏమీ తినకుండా చేసిన పరీక్షలో షుగరు 126 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే, మరొకసారి పరీక్ష చేయించి డాక్టరును కలవండి. బీపీ 140/90 లేక అంతకంటే ఎక్కువ రెండు మూడుసార్లు వస్తే కూడా అంతే. బీపీ చూపించుకునే ముందు ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చోండి. మెట్లెక్కి వచ్చిన వెంటనే చూస్తే సరిగా తెలియదు.

3. షుగరు ఉన్నవారు మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష గురించి డాక్టరును అడగండి. ఒక్కరోజు లెక్క బాగుందని నిశ్చింత పడవద్దు.

4. ప్రతి రాత్రి పాదాలు, వేళ్ల సందులు చూసుకోండి. వంగలేనివారు ఇంట్లోవారి చేత చూపించుకోండి. కడిగిన తరువాత వేళ్ల మధ్య తడి లేకుండా తుడవండి. ఉత్త కాళ్లతో నడవవద్దు. ఆనెకాయలు బ్లేడుతో కోసుకోవద్దు. వేడినీళ్ల కాపడం పెట్టవద్దు, కాలినా తెలియదు.

5. ఉపవాస ప్రార్థన ఉండదలచిన షుగరు రోగులు ముందుగా డాక్టరును అడగండి. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారికి ఉపవాసంలో షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, తికమక కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకురండి. అలా ఉపవాసం విరిస్తే పాపం కాదు. దేవుడు మీ ఆకలిని కాదు, మీ హృదయాన్ని చూస్తాడు.

6. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, ఒక పక్క చేయి కాలు పడిపోవడం, మాట తడబడడం – వీటికి ఆదివారం దాకా ఆగవద్దు. 108కి ఫోను చేయండి.

7. సంఘస్థులకు ఒక మనవి. జబ్బుతో ఉన్నవారి విశ్వాసాన్ని తూకం వేయవద్దు. మందు వాడుతున్నవారికి విశ్వాసం తక్కువ అన్నట్టు మాట్లాడవద్దు. మందు మానేసినవారిని నలుగురిలో గద్దించనూ వద్దు. ఈ రెండో మాట ముందుగా మాకు మేము చెప్పుకుంటున్నాము.

డ్యూటీ అప్పగించే వేళ

ఇప్పుడు మన గదికి ఆదివారం పది మంది వస్తారు, ఒక్కోసారి పదిహేను మంది. రిజిస్టరు రాసేది ఎవరనుకుంటున్నారు? ఆ హమాలీ సోదరుని భార్యే. ఏడో తరగతి వరకు చదివింది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఆయన గుమ్మం దగ్గర స్టూలు వేసుకొని కూర్చుంటాడు. షుగరు ఎక్కువ ఉందని తెలిసి మొహం మాడ్చుకొని వెళ్లేవారిని ఆపి, తన కాలు చూపించి రెండు మాటలు చెబుతాడు. ఆయన మాటకు ఉన్న బలం మా తెల్ల చీరకు లేదు.

మా తప్పును దేవుడే చేయించాడని మేము అనము. తప్పు మాదే. ఆ తప్పు దిద్దుకోవడానికి వెళ్లిన దారిలో ఆయన మాకు ఇంకో పని చూపించాడని మాత్రం సాక్ష్యమిస్తున్నాము. గది పెడదామని మేము అనుకున్నాము. ఇళ్లకు వెళ్లే పని మా ఆలోచనలో లేనే లేదు.

వచ్చే సంవత్సరం ఈ గది ఇలాగే ఉంటుందా? స్ట్రిప్పులకు డబ్బు సరిపోతుందా? మా తరువాత వచ్చే సిస్టర్లు శనివారాలు మెట్లెక్కుతారా? మాకు తెలియదు. మాలో కొందరికి రిటైరుమెంటు దగ్గరపడుతున్నది. కొరింథీయులకు రాస్తూ పౌలు, నాటినవాడి పని ఒకటి, నీళ్లు పోసినవాడి పని ఒకటి, పెంచేవాడు మాత్రం దేవుడేనని జ్ఞాపకం చేశాడు. మా భాషలో చెప్పాలంటే, ఎవరి డ్యూటీ వారిది. జ్యూయెట్ గారి డ్యూటీ కొండ మీద గడిచింది, క్లౌ గారిది కాలువ గట్టు మీద గడిచింది. మనది కొత్తపేటలో ఒక చిన్న గదిలో గడుస్తున్నది. రోగి కేసు షీటు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా చూసేది ఒక్కడే.

అందుచేత మీరు కూడా ఏదైనా కొత్త పని తలపెట్టి, ఫలితం కనబడక నీరసించి ఉంటే, ఈ ఒక్కటి చేయండి. ఈ రోజు మీ ముందున్న మంచం దగ్గరికి వెళ్లండి. చేయవలసినది శ్రద్ధగా చేయండి. తప్పు చేస్తే ఒప్పుకొని క్షమాపణ అడగండి. తరువాత వచ్చేవారికి అర్థమయ్యేలా రాసి పెట్టండి. ఆ పైన ప్రార్థించి నిశ్చింతగా నిద్రపోండి. తెల్లవారి డ్యూటీకి రావలసినవారిని దేవుడు పంపుతాడు.

మన గది ప్రతి ఆదివారం ఆరాధన తరువాత తెరిచి ఉంటుంది. మెట్లు దిగలేనివారు మీ వీధిలో ఉంటే మాకు చెప్పండి. శనివారం మేమే వస్తాము.

దేవుడు మిమ్మును, మీ కుటుంబములను ఆరోగ్యముతో కాపాడి దీవించును గాక. ఆమేన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగం తరఫున